పద్నాలుగు పొలాల వాన

మంగళవారం ఉదయం అయిదూ నలభైకి పెదగండి మేజరు కాలువ కింద పద్నాలుగు పొలాల్లో పదకొండు మిల్లీమీటర్ల వాన కురిసిందని నీళ్లు పంచే యంత్రం జలనియంత తెలియజేసింది. ఆకాశంలో మేఘం లేదు. మాఘమాసం సగమైంది. ఆ పద్నాలుగు పొలాలకు గట్టు అవతల ఉన్న చేలల్లో ఒక్క చినుకు కూడా పడలేదని అదే నివేదికలో, అదే నిబ్బరంతో, రెండు వరుసల కింద రాసి ఉంది.

నీటి వినియోగదారుల సంఘం నిర్వాహకురాలు లోహిత కరపలక మీద ఆ నివేదికను రెండుసార్లు చదివింది. అడుగున ‘ఆమోదించండి’ అన్న మాట పచ్చగా వెలుగుతోంది. వేలు ఆనిస్తే చాలు, మేఘం లేని వాన లెక్కల్లో నిజమైపోతుంది.

“ఫిరోజ్, ఇవాళ వాన పడిందా?”

కాలువ కనిపెట్టుకుని ఉండే లస్కరు ఫిరోజ్ వాకిట్లో ఒక పూడికపురుగును వెల్లకిలా పడేసి దాని కాళ్లలో చుట్టుకున్న నాచు పీకుతున్నాడు. కాలువ అడుగున పాకుతూ మట్టి తోడే ఆ యంత్రాలకు నాచు చుట్టుకోవడం, వాటిని అతను బయటికి లాగడం రోజూ ఉన్న పనే.

“వానా? మాఘంలోనా?” అతను తలెత్తి ఆకాశం వైపు చూశాడు. “ఎవరన్నారు మేడం?”

“జలనియంత.”

“అయితే పడే ఉండిద్దిలెండి. మనకే కనపడలా.”

లోహితకు నవ్వు రాలేదు. ఆమె వెనక్కి వెళ్లి చూసింది. అయిదు వారాలుగా అదే పద్నాలుగు పొలాల్లో, నీటి వంతు ఉన్న మంగళ, శుక్రవారాల్లో వారానికి ఒక రోజు, తెల్లవారుజామునే వాన పడుతోంది. ప్రతిసారీ యంత్రం తనంతట తానే నమోదు చేసుకుంది. ఈసారి ఆమెను అడగడానికి కారణం, ఈ శనివారం ఆయకట్టు పునర్నిర్ణయం ఉండడమే. ఆ రోజుకు వాన లెక్క మీద మనిషి సంతకం కావాలి.

జలనియంత వచ్చి ఇరవై మూడేళ్లయింది. అంతకు ముందు కాలువ నీరు ఎవరి పొలానికి ఎంత పారాలో మనుషులు తేల్చుకునేవారు. అంటే, కాలువ మొదట్లో భూమి ఉన్నవాడు తేల్చేవాడు. ఇప్పుడు ప్రతి చేలోనూ నడుమెత్తున దాహసూచి పాతి ఉంటుంది. దానికి మూడు నాలుకలు. ఒకటి వేళ్ల దగ్గరి తేమను, ఒకటి ఆకు వేడిని, ఒకటి గాలిని రుచి చూస్తాయి. పైరుకు దాహం వేస్తే కబురు వెళ్తుంది, కాలువ మీది స్వయంతూము తెరుచుకుంటుంది. దాహం తీరగానే మూసుకుంటుంది. మిగిలిన నీరు కిందికి సాగిపోతుంది. ‘ఇక ఎవరూ ఎవరినీ అడగనక్కర లేదు’ అని ప్రారంభోత్సవం నాటి కరపత్రంలో అచ్చయిన వాక్యం లోహిత రాసిందే. ఆ మాట అక్షరాలా జరిగింది. సంఘం ఆఫీసుకు వచ్చే మనిషి లేకపోయాడు. రైతులు కూర్చునే పొడవాటి టేకు బెంచీ పదేళ్ల కిందటే స్టోరు గదిలోకి చేరింది. దాని మీద నీటిమట్టం కొలిచే పాత గేజీ బోర్డులు పేర్చారు.

ఆ వాక్యం వెనుక ఒక గుమ్మం ఉంది. లోహితకు తొమ్మిదేళ్లప్పుడు, కాలువ చివరి ఊరైన దిగువపాలెం నుంచి వాళ్లమ్మ ఎగువన ఉన్న ఒక పెద్దింటికి నీళ్లు అడగడానికి వెళ్లింది. కూతురి చెయ్యి పట్టుకుని వాకిట్లో నిలబడింది. ఇంటాయన పళ్లు తోముకున్నాడు, కాఫీ తాగాడు, పేపరు చూశాడు. చివరికి “చూద్దాంలే” అన్నాడు. ఆ ఒక్క మాట కోసం వాళ్లమ్మ ఆ వేసవంతా ఆయన చేలో కూలి లేకుండా వంగింది. మనిషి దయ మీద పైరు బతకడం అన్యాయమని, యంత్రానికి దయ లేకపోవడమే దాని గొప్పతనమని లోహిత ఆ తర్వాత జీవితమంతా వాదించింది, గెలిచింది.

గెలిచిన యంత్రమే మూడేళ్ల కిందట దిగువపాలెంను లెక్కగట్టింది. చివరి రెండు తూములకు నీరు చేరాలంటే రెండు కిలోమీటర్ల ఇసుక నేల దాటాలి. పంపిన దానిలో సగానికి పైగా అక్కడే ఇంకిపోతుంది. కనుక పంపడం వృథా అని తేల్చి మానేసింది. మూడేళ్లు వరుసగా కాలువ నీటితో పైరు పండని భూమిని ఆయకట్టు పటం నుంచి తొలగించాలన్నది నిబంధన. నీళ్లు ఇవ్వకుండా పండించలేదని తప్పుపట్టే ఆ తర్కంలోని వంచన లోహితకు కనబడకపోలేదు. కనబడి కూడా నీరు ఆపే ఉత్తర్వు మీద సంతకం పెట్టింది. అది తను పుట్టిన ఊరు కావడం వల్లే పెట్టింది. మరో ఊరైతే పోట్లాడి ఉండేది. పక్షపాతం చూపిందని ఎవరూ అనకూడదన్న పంతంతో చేసిన ఆ పనిని ఆమె నిజాయితీ అనుకుంది. శనివారం నాడు మూడేళ్లు నిండుతాయి. చివరి రెండు తూములకు సీలు పడుతుంది.

“బండి తియ్యి, ఫిరోజ్. ఆ వాన ఎలా ఉందో చూసొద్దాం.”

*

కాలువ మొదటి తూము దగ్గర జశ్వంత్ మిరప చేను ఉంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, తలకు తువ్వాలు చుట్టుకుని గట్టు మీద నిలబడి ఉన్నాడు. సంఘం బండిని చూడగానే ఆ తువ్వాలు తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

“రండి మేడం, రండి. ఏంది ఇంత పొద్దున్నే?”

“మీ చేలో వాన పడిందట. చూద్దామని వచ్చాను.”

“ఆ... పడింది మేడం. చిన్నదే.”

“ఎంత?”

“ఏదో, తలగుడ్డ తడిసేంత.”

“పదకొండు మిల్లీమీటర్లు. మీ గట్టు దాకా పడి ఆగిపోయింది. అవతల మీ అన్నగారి చేలో చినుకు లేదు.”

“మా అన్నకి యాడ పడిద్ది మేడం? దేవుడికి దణ్ణం కూడా పెట్టడు.”

ఫిరోజ్ దగ్గు వచ్చినట్టు మొహం తిప్పుకున్నాడు. లోహిత చెప్పులు విప్పి చేలోకి దిగింది.

దాహసూచిని మోసం చేయడం ఆమెకు కొత్త కాదు. యంత్రం వచ్చిన తొలి రెండేళ్లలో రైతులు దాని మొదట్లో వేడి బూడిద పోసేవారు. నేల ఎండిందనుకుని తూము తెరుచుకునేది, నీరు రెండింతలు పారేది. అలాంటి దొంగలను ఆమె తన చేతులతోనే పద్దెనిమిది మందిని పట్టుకుంది. ఇప్పుడు కూడా బూడిద కోసమే వంగి చూసింది.

బూడిద లేదు. దాహసూచికి పై నుంచి కింది దాకా ఒక గోతం సంచి చుట్టి, పురికొసతో మూడు కట్లు కట్టి ఉంది. సంచి నీళ్లోడుతోంది. దాని అడుగున నేల కడవ గుమ్మరించినట్టు తడిసి ఉంది. రెండడుగుల అవతల మిరప మొక్క ఆకులు మెత్తబడి వేలాడుతున్నాయి.

తడి సంచి చుడితే యంత్రం పైరుకు దాహం లేదనుకుంటుంది. తూము తెరవని వేళ నేల తడిసింది కాబట్టి అది వాన అయి ఉండాలనుకుంటుంది. దానికి తెలిసిన నీళ్లు రెండే రకాలు. వాన పడ్డ చేనుకు తూము తెరవదు, ఆ నీరు కాలువలో కిందికి పోతుంది. ఇరవై మూడేళ్లలో లోహిత ఎక్కువ నీటి కోసం దొంగతనం చేసినవాళ్లను చూసింది గాని, తక్కువ కోసం చేసినవాణ్ని చూడలేదు.

“జశ్వంత్ గారూ, ఇది ఏం చేస్తుందో మీకు తెలుసా? మీ చేనుకు నీళ్లు రానివ్వదు.”

“తెలుసు మేడం.”

“మిరప ఎండిపోతుంది.”

“ఎండదులెండి. కాస్త వాడిద్ది. వారానికి రెండు తడులూ ఎగ్గొట్టట్లా, ఒకటే ఇస్తన్నా. మిరపకాయ మొండిది.”

“దాహసూచి మీద చెయ్యి వేస్తే ఈ పంటకారంతా నీళ్లు బందు. ఆరో నిబంధన. అది కాక, ఈ చేనుకు దాహం తక్కువ అని యంత్రం నేర్చుకుంటుంది. కారు ముగిశాక మీ వంతు శాశ్వతంగా తగ్గించేస్తుంది. ఇదీ తెలుసా?”

“అదీ తెలుసు” అన్నాడు జశ్వంత్, ఈసారి ఆమె మొహం చూడకుండా.

అతని భార్య శ్రీనిధి మజ్జిగ గ్లాసులతో గట్టు మీదికి వచ్చింది. చేతిలోని పళ్లెం ఫిరోజ్‌కు అందించి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

“ఇంక దాచటం నా వల్ల కాదయ్యా. చెప్పేస్తా. మేడం, ఆమె వచ్చి అడిగింది.”

“ఎవరు?”

“దిగువపాలెం బ్లెస్సమ్మ గారు.”

“ఏమని?”

“నీళ్లు కావాలని.”

లోహిత చేతిలోని గ్లాసు పెదవుల దాకా వెళ్లి ఆగింది.

“నేను ఈ కాలవ మొదట్లో పుట్టా మేడం” అన్నాడు జశ్వంత్. “దీనికి చివర ఒకటుందని, అక్కడ జొన్న చల్లుకుని ఎదురుచూసే మనుషులుంటారని, మిషను వచ్చాక మర్చేపోయా. మన దాహం తీరితే తూము మూసుకుంటది, అటు పోయేది ఎటు పోతే మనకెందుకు? ఆమె ఇంకో ఇద్దరిని తోడు తీసుకుని గట్టెమ్మటి పంతొమ్మిది కిలోమీటర్లు నడిచొచ్చింది. నీళ్లు కావాలంది. మిషను వచ్చాక నన్ను ఒకళ్లు నీళ్లడగలా. ఏం చెప్పాలో తెలవక, చూద్దాంలే అన్నా.”

లోహిత గ్లాసును గట్టు మీద పెట్టేసింది.

“అంటే ఆమె వెళ్లిపోయిందా?”

“పోతేగా!” అంది శ్రీనిధి. “వాకిట్లో మంచం మీద కూర్చుంది. ‘చూడు నాయనా, చూసి చెప్పు, నేనిక్కడే ఉంటా’ అంది. మధ్యాన్నం అయింది. అన్నం పెడితే తింది. పప్పులో ఉప్పు తక్కువైందని కూడా చెప్పింది.”

“బదులుగా ఏమిస్తానంది? పనికి వస్తానందా?” లోహిత గొంతు సన్నగా, పదునుగా ఉంది.

“అదే అడిగా మేడం నేను” అన్నాడు జశ్వంత్. “ఇచ్చేదేం లేదంది. ఇయ్యనంది. అట్టా అన్నాక ఇంక కాదనటానికి నాకేం దొరకలా.”

“మిగతా పదమూడు మంది?”

“వాళ్ల ఇళ్లకీ పోయింది. మొత్తం ముప్పై ఇళ్లు తిరిగింది. పదహారు మంది కాదన్నారు. అందులో మా అన్న ఒకడు.”

*

దిగువపాలెం వెళ్లి లోహితకు మూడేళ్లయింది. దారంతా ఆమె కరపలక మీది పటాన్నే చూస్తూ కూర్చుంది. చివరి రెండు తూముల కింద నలభై ఎకరాల మేర పచ్చదనం ఉందని జలనియంత గుర్తించింది. కాని తను పంపని నీటితో పెరిగింది కాబట్టి దానికి ‘కలుపు’ అని పేరు పెట్టింది.

ఆ కలుపు మనిషిని మించిన ఎత్తున నిలబడి ఉంది. కంకులు తెల్లగా పాలు పోసుకుంటున్నాయి. చేను మధ్య మంచె మీద ఒక ముసలామె రేకు డబ్బా వాయిస్తూ పిట్టలను తిడుతోంది. డెబ్బై ఏళ్లు. లోహిత కంటే ఎనిమిదేళ్లు పెద్ద. చిన్నప్పుడు ఆమెను చంకనేసుకుని తిప్పిన మనిషి.

“ఎవరదీ? లోహితా? కిందే ఉండు. నేను దిగలేను, నువ్వు ఎక్కలేవు.”

“బ్లెస్సక్కా, ఎగువకి పోయి ముప్పై ఇళ్లల్లో అడిగావంట.”

“ముప్పై ఒకటి. ఒకాయన తలుపే తియ్యలా.”

“నన్నెందుకు అడగలా?”

డబ్బా చప్పుడు ఆగింది. “నిన్నా? నువ్వు రూలు చెబుతావు. ఆ రూలు నాకూ తెలుసు. తెలిసింది వినటానికి అంత దూరం నడవాల్నా?”

జొన్నాకులు ఒకదానికొకటి రాసుకుంటున్న చప్పుడు చేనంతా వినిపిస్తోంది. లోహిత మళ్లీ మాట్లాడినప్పుడు ఆఫీసు భాష ఎక్కడో జారిపోయింది.

“మన అమ్మలు ఆ గుమ్మాల్లో నిలబడింది మర్చిపోయావా అక్కా? మళ్లీ అదే దారి పట్టావే!”

“నేను నిలబడలా. మంచమ్మీద కూర్చున్నా.”

“కూర్చుంటే మాత్రం? అడుక్కోటమే గదా!”

“అరవబాక, పిట్టలకన్నా నీ గోలే ఎక్కువయింది. విను. అప్పుడు కాదంటే మన పొయ్యి ఆరేది. అవునంటే ఏడాదంతా వాళ్ల చేలో నడుం వంచేవాళ్లం. ఎటు చూసినా మనమే కుంగేది. ఇప్పుడు వాళ్ల చేతిలో ఏముంది? నీళ్లు నీ మిషను చేతిలో ఉన్నయ్యి. వాళ్లకీ నాకూ మధ్య పెత్తనం లేదు. అడిగా. పదహారు మంది కాదన్నారు, మంచిదయ్యా అని లేచొచ్చా. నా కాళ్లేం విరగలా. పద్నాలుగు మంది సరేనన్నారు. తమ పైరు నోటి కాడిది తీసి ఇచ్చారు. అది అడుక్కోటమా?”

“దాహసూచికి గోతాలు చుట్టమన్నది నువ్వేనా?”

“నాకేం తెలుసమ్మా మీ సామాన్ల సంగతి? ఇస్తామన్నారు. ఇయ్యటానికి దారి లేదు. మిషనుకి ‘నాకొద్దు, పక్కవాడికియ్యి’ అంటే అర్థం కాదంట గదా. తిప్పలేవో వాళ్లే పడ్డారు.”

లోహిత ఒక కంకిని వంచి గోటితో గింజను నొక్కింది. పాలు వేలి మీదికి చిమ్మాయి.

“ఇంకా ఎన్ని తడులు కావాలి?”

“రెండు. రెండు పడితే గింజ గట్టిపడిద్ది. లేకపోతే పొల్లు, పశువులకి చొప్ప.”

“శనివారం ఈ భూమిని పటంలోంచి తీసేస్తారు అక్కా.”

“తీసేస్తారు ఏంది? తీసేది నువ్వే గదా” అంది బ్లెస్సమ్మ, కోపం లేకుండా, మళ్లీ డబ్బా అందుకుంటూ.

*

తిరుగు దారిలో లోహిత ముందు రెండు పనులే కనబడ్డాయి. ఉన్నదున్నట్టు రాస్తే పద్నాలుగు మంది రైతులకు కారంతా నీళ్లు బందవుతాయి, జొన్న పాల మీదే మాడిపోతుంది, దిగువపాలెం పటం నుంచి పోతుంది. పచ్చ మాట మీద వేలు ఆనిస్తే వాన నిజమవుతుంది. అబద్ధానికి ఆమె సంతకం ఉంటుంది, అయినా శనివారం నాడు దిగువపాలెం పోనే పోతుంది, ఎందుకంటే అక్కడ పెరిగింది కలుపే. ఆమె అబద్ధమాడేందుకు కూడా ఆ యంత్రంలో పనికొచ్చే చోటు లేదు.

బుధ, గురువారాలు ఆమె సంఘం నియమావళి ముందేసుకుని మొదటి పుట నుంచి చదివింది. పంతొమ్మిదో నిబంధన దగ్గర ఆగింది. ఆగుతానని ఆమెకు ముందే తెలుసు.

‘వంతు బదిలీ. సభ్యుడు తన నీటి వంతును అదే కాలువ మీది మరొక సభ్యునికి ఇవ్వవచ్చును. ఇచ్చువారు, పుచ్చుకొనువారు ఇద్దరూ తూము వద్ద నిలబడి, లస్కరు సమక్షంలో నోటిమాటగా చెప్పవలెను.’

వంతులు చీట్ల మీద రాసుకునే కాలం నాటి నియమం అది. పెద్ద రైతులు దాన్ని అడ్డం పెట్టుకునే వెట్టి చేయించుకున్నారు. జలనియంతలోకి నిబంధనలు ఎక్కించే ఉపసంఘంలో లోహిత దీన్ని కొట్టేయాలని మూడు రోజులు వాదించి, ఒక్క ఓటుతో ఓడిపోయింది. ఓడిపోతూ ఒక ప్రశ్న మాత్రం చేర్పించగలిగింది: ‘ప్రతిఫలం?’ ఏదైనా ఉందంటే బదిలీ చెల్లదు. ఆ తర్వాత ఇరవై మూడేళ్లలో ఆ నిబంధనను వాడుకున్నవారు లేరు. ఆ ఓటమిని ఆమె మర్చిపోనూ లేదు.

ఇప్పుడు దాన్నే తను వాడాలి. బదిలీ అయిన వంతు కాలువ నీరే. ఆ నీటితో నిలిచినది పైరే. పైరు ఉన్న భూమిని పటం నుంచి తీసే అధికారం శనివారానికి ఉండదు. నిలిచిన పైరుకు ఒక్క అధీకృత తడి చాలు. లోహిత ఆ నిబంధనను నాలుగు వైపుల నుంచి నొక్కి చూసింది. ఎక్కడా లొట్ట లేదు.

“ఫిరోజ్, రేపు పద్నాలుగు మందినీ గోతాలు విప్పేసి తూముల దగ్గరికి రమ్మను. ఆరో నిబంధన కింద అందరికీ హెచ్చరిక రాస్తున్నానని కూడా చెప్పు. మొదటి తప్పుకు హెచ్చరికతో వదిలే అధికారం నాకుంది. బ్లెస్సక్కను నువ్వే బండిలో తీసుకురా.”

“హెచ్చరికా? పాపం మేడం...”

“వాళ్లు చేసింది తప్పే. సరైన పనిని తప్పుగా చేశారు.”

*

శుక్రవారం ఉదయం మొదటి తూము దగ్గర జనం గట్టు మీద వరుసగా నిలబడ్డారు. పద్నాలుగు మంది, వాళ్ల ఇళ్లవాళ్లు. కాదన్న పదహారు మందిలో కూడా కొందరు ‘ఊరికే చూద్దామని’ వచ్చారు. జశ్వంత్ అన్న వాళ్లకు కొంచెం ఎడంగా వేపపుల్ల నములుతూ నిలబడ్డాడు.

తూము స్తంభం మీది చిల్లుల పళ్లెం నుంచి జలనియంత గొంతు వినిపించింది. ఆడా మగా కాని, ఏ ఊరిదీ కాని గొంతు.

“వంతు బదిలీ. ఇచ్చువారు?”

“జశ్వంత్” అన్నాడతను, తువ్వాలు తీసి చేత పట్టుకుని.

“పుచ్చుకొనువారు?”

“బ్లెస్సమ్మ. కాస్త గట్టిగా చెప్పు, ఇంత జనంలో వినపడట్లా” అంది ఆమె స్తంభంతో.

“ప్రతిఫలం?”

లోహిత ముందుకు వచ్చింది. ఈ ప్రశ్నను యంత్రానికి వదిలేయడం ఆమెకు ఇష్టం లేకపోయింది. “అందరూ వినండి. ఈమె గాని, ఈమె ఊరివాళ్లు గాని మీ చేలో ఒక్క పూట పని చేస్తామని మాట ఇచ్చినా, మీరు తీసుకున్నా, ఇప్పుడే చెప్పండి.”

ఒక మూల నుంచి శ్రీనిధి గొంతు వచ్చింది: “పప్పులో ఉప్పెంత వెయ్యాలో చెప్పింది మేడం. అది లెక్కలోకొచ్చిద్దా?”

గట్టంతా నవ్వింది.

“ఏమీ లేదు” అన్నాడు జశ్వంత్ స్తంభానికి.

“కారణం?”

కరపలక మీద నాలుగు మాటలు వెలిగాయి. వరద. మరమ్మతు. తెగులు. మరణం. వాటి కింద అరవై అంకె కనబడి, యాభై తొమ్మిది అయింది. లోపల ఏదో ఒకటి ఎంచుకోకపోతే బదిలీ రద్దవుతుంది.

“మరమ్మతు అని కొట్టెయ్యండి మేడం” అని గొణిగాడు ఫిరోజ్. “ఎవరు చూస్తారు?”

“నేను చూస్తాను.”

నలభై. జశ్వంత్ ఆమె వైపు చూస్తున్నాడు. నాలుగు మాటల కింద, చివర, వాడక బూడిద రంగుకు తిరిగిన ఒక గడి ఉంది: ఇతరములు. లోహిత దాన్ని తాకింది. ఇరవై ఏడు. ఏం రాయాలి? కరుణ అని రాయడానికి ఆమె చెయ్యి ఒప్పుకోలేదు. ఆ మాటలో వాళ్లమ్మ నిలబడిన వాకిలి ఉంది. ఉదారత అనేది కూడా ఒక ఎత్తు మీద నుంచి మాట్లాడే మాటే. పన్నెండు. జరిగినది జరిగినట్టు రెండు ముక్కల్లో రాసింది.

‘అడిగారు. ఇచ్చారు.’

యంత్రం ఎన్నడూ లేనంత ఆలస్యం చేసింది. తర్వాత స్తంభం మీది దీపం పచ్చగా మారింది. “నమోదైనది” అంది ఆ గొంతు.

తూము తెరుచుకోలేదు. నీళ్లు జశ్వంత్ చేను ముందు నుంచి, మూసిన తలుపును రాసుకుంటూ, కిందికి సాగిపోయాయి. అతను ఆ పోయే నీళ్ల వైపు అలాగే చూస్తుండిపోయాడు.

తూము తరువాత తూముగా పద్నాలుగు మందీ చెప్పేసరికి ఎండ ముదిరింది. పని అయిపోయింది గనక ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లవచ్చు. జశ్వంత్ మాత్రం గట్టెమ్మటి కిందికి నడక మొదలుపెట్టాడు.

“ఎటయ్యా?” అంది శ్రీనిధి.

“యాడికి పోతన్నయ్యో చూసొస్తా.”

పూర్వం కాలువ వదిలిన రోజున ప్రతి ఊరి నుంచి ఒకరు నీటి మొన వెంట చివరి దాకా నడిచేవారు, అడ్డం పడ్డ కంపా చెత్తా తీస్తూ. పూడికపురుగులు వచ్చాక ఆ పని పోయింది. ఆ సంగతి అక్కడున్న వాళ్లలో సగం మందికి తెలియదు. అయినా ఒకరి వెనుక ఒకరు కదిలారు. కొందరు మధ్య ఊళ్లలో ఆగిపోయారు, మధ్య ఊళ్ల నుంచి కొందరు కలిశారు. ఎండాకులను, నురగను ముందుకు తోసుకుంటూ నీటి మొన ఇసుక నేలలోకి దిగి నడక నెమ్మదించింది. అక్కడ కాలువకు అడ్డంగా ఒక తుమ్మ కొమ్మ పడి ఉంది. దగ్గరగా ఉన్న మనిషి ఏమీ అనకుండా పంచె ఎగగట్టి దిగి దాన్ని పక్కకు లాగాడు. అతను జశ్వంత్ అన్న.

ముప్పై రెండో తూము దగ్గరికి నీరు చేరేసరికి పొద్దు వాలుతోంది. జశ్వంత్ చుట్టూ కలియజూశాడు.

“ఇదేనా చివర?”

“చివరేంది నాయనా, మా వాకిలి” అంది బ్లెస్సమ్మ బండి దిగుతూ. “కాళ్లు కడుక్కుని రండి. నా పప్పులో ఉప్పు సరిగ్గానే ఉంటది.”

శనివారం పొద్దున పటంలో నలభై ఎకరాల మీద ‘కలుపు’ చెరిగి ‘జొన్న’ అని పడింది. తొలగింపు ఏడాది పాటు వాయిదా.

*

మంగళవారం నివేదికలో వాన లేదు. దానికి బదులు జలనియంతకు అర్థం కాని మరో వరుస ఉంది: ‘వర్గీకరించని అభ్యర్థనలు: తొమ్మిది.’ దాని అర్థం లోహితకు ఆఫీసు వాకిట్లోనే తెలిసింది. అక్కడ మనుషులు నిలబడి ఉన్నారు. కూర్చోవడానికి ఏమీ లేక గోడకు ఆనుకుని, పూడికపురుగు మీద కాలు పెట్టి, గట్టిగా మాట్లాడుకుంటున్నారు. ఒకతనికి కూతురి పెళ్లి వారం తన వంతు పక్కవాడికి ఇచ్చేయాలట. ఒకామెకు నారు పోసుకోవడానికి రెండు రోజుల ముందే నీళ్లు కావాలట. జశ్వంత్ అన్న వేపపుల్ల తీసి చేత్తో పట్టుకుని, “అడిగే పద్ధతిలో అడిగితే నేను మాత్రం కాదంటానా? నా మొహం చూసి అడగమను!” అని ఎవరి మీదో కేకలేస్తున్నాడు.

“ఫిరోజ్, ఆ బెంచీ బయటికి తెప్పించు” అంది లోహిత.

గేజీ బోర్డులు దించి, దుమ్ము దులిపి, నలుగురు పట్టి బెంచీని వాకిట్లో వేశారు. అందరి కంటే ముందు దాని మీద కూర్చున్నది బ్లెస్సమ్మ. ఆమె ఎప్పుడు వచ్చిందో ఎవరూ గమనించలేదు.

“రెండో తడి కూడా రాసేశాం గదా అక్కా. మళ్లీ ఇంత దూరం ఎందుకొచ్చావు?”

“తడి కోసం కాదు. ఈ ఏడు అడిగా, ఇచ్చారు, తింటాం. ఏటేటా ముప్పై ఇళ్లు తిరగను. ఒక ఏడు పంట పోయి, వాళ్లకే లేకపోతే ఏం పెడతారు? నా వంతు నాకు కావాల. కాలవ తవ్వినప్పుడు మా తాతలు మోసిన మట్టి కూడా ఆ గట్టు మీద ఉంది.” ఆమె చీర కొంగు మోకాళ్ల మీద సర్దుకుంది. “ఇసుకలో నీళ్లు ఇంకిపోతన్నయ్యని గదా మీ మిషను గోల? మొన్న మీరు నడిచొచ్చిన మూడో నాటికి మా ఊరి బావుల్లో జానెడు నీళ్లు లేచినయ్యి. ఇంకింది యాడికీ పోలా. అది మీ లెక్కలో ఉందా?”

లేదు. లోహితకు అది తెలుసు. బావులు సంఘం పరిధిలోకి రావు కనుక ఆ నీటిని ‘నష్టం’ అని రాయాలన్న నిబంధన, దాని సంఖ్య, దాని ఉపవిభాగంతో సహా ఆమె నాలుక చివరికి వచ్చింది. ఎదురుగా ఉన్న ముసలామె ఆ సంఖ్య కోసమే ఎదురుచూస్తున్నట్టు, తలను కొంచెం పక్కకు వంచి ఆమె మొహాన్నే చూస్తోంది.

“నిన్ను అడగటానికొచ్చా లోహితా” అంది.

లోహిత లోపలికి వెళ్లింది. కరపలక బల్ల మీదే వదిలేసి, సంఘం పేరు అచ్చు వేసిన తెల్ల కాగితం, పెన్ను తీసుకుని వచ్చింది. బెంచీ రెండో కొసన కూర్చుని, కాగితాన్ని మోకాలి మీద పరచుకుంది.

“అడుగక్కా” అంది.